అయిదు దేశాల్లో కత్తి దూసిన జాన్ నోరిస్

1536 మే 17న లండన్ టవర్ పక్కనున్న గుట్ట మీద హెన్రీ నోరిస్ అనే రాజోద్యోగి తల నరికారు. ఎనిమిదో హెన్రీ రాజుకు ఏళ్ళ తరబడి ఆంతరంగికుడుగా మెలిగిన మనిషి. రాణి ఆన్ బొలీన్‌తో సంబంధం పెట్టుకున్నాడన్నది అతని మీద మోపిన నేరం. రెండు రోజులు తిరక్కుండానే రాణి ప్రాణం కూడా తీశారు. అప్పటికి ఆమె కూతురు ఎలిజబెత్‌కు మూడేళ్ళు కూడా నిండలేదు.

ఆ పిల్లే 1558లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కింది. తన తల్లితో పాటు నింద మోసి పోయినవాడి కుటుంబాన్ని ఆమె మరిచిపోలేదు. అతని కొడుకు పేరు కూడా హెన్రీ నోరిసే. అతన్ని ఆదరించి, ఫ్రాన్సుకు రాయబారిగా పంపి, తర్వాత ప్రభువు హోదా ఇచ్చింది. అతని భార్య మార్జరీ అంటే రాణికి మరీ ఇష్టం. మార్జరీ చామనఛాయ మనిషి కాబట్టి ముద్దుగా ‘నా కాకి’ అని పిలిచేది. ఎలిజబెత్ యువరాణిగా నిర్బంధంలో ఉన్న 1554లో, మార్జరీ తండ్రి ఆక్స్‌ఫర్డ్ దగ్గర రైకోట్‌లోని తన ఇంట్లో ఆమెకు మర్యాదగా ఆతిథ్యమిచ్చాడు. ఆ మేలు కూడా ఆమె మనసులో ఉండిపోయింది.

హెన్రీ, మార్జరీలకు ఆరుగురు కొడుకులు. ఆరుగురూ సైనికులే అయ్యారు. రెండోవాడు జాన్, 1547 ప్రాంతంలో పుట్టాడు. ఫ్రాన్స్, ఐర్లండ్, నెదర్లాండ్స్, స్పెయిన్, పోర్చుగల్ నేలల మీద మూడు దశాబ్దాల పాటు యుద్ధం చేశాడు. పదహారో శతాబ్దపు ఇంగ్లండ్‌లో అంత అనుభవం ఉన్న సేనాని మరొకడు లేడని చాలామంది చరిత్రకారుల మాట. అతని జీవితం చదివితే ఆ కాలపు యుద్ధం ఎలా నడిచేదో, దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చేదో, ప్రాణాలు ఎవరివి పోయేవో తెలుస్తుంది. గెలుపోటముల జాబితాలో ఈ మూడో సంగతి ఎప్పుడూ వెనక్కి పోతుంది. నోరిస్ కథలో దాన్ని ముందుకు తెచ్చి చూడాలి.

యుద్ధమే బడి

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌కు స్థిరమైన సైన్యం లేదు. యుద్ధం వచ్చినప్పుడు జిల్లాల వారీగా మనుషుల్ని పోగుచేసేవారు, అయిపోయాక ఇళ్ళకు పంపేసేవారు. సైనిక విద్య నేర్పే పాఠశాలలూ లేవు. నేర్చుకోవాలంటే ఎక్కడ యుద్ధం జరుగుతుంటే అక్కడికి వెళ్ళాల్సిందే.

జాన్ ఆ చదువు ఫ్రాన్సులో మొదలుపెట్టాడు. తండ్రి అక్కడ రాయబారి. కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య అంతర్యుద్ధం సాగుతోంది. 1567 నవంబరులో పారిస్ పక్కనే సెయింట్ డెనీలో జరిగిన పోరును ఇరవయ్యేళ్ళ జాన్ కళ్ళారా చూశాడు. ఏ దళం ఎక్కడ నిలబడిందో గుర్తుపెట్టుకుని పటం గీశాడు. తండ్రి ఇంగ్లండ్‌కు పంపిన నివేదికలో ఆ పటమూ చేరింది.

అతను చూసిన యుద్ధం తాతల నాటిది కాదు. ఇనుప కవచాల గుర్రపు వీరుల కాలం ముగిసిపోతోంది. పదిహేను, పదహారు అడుగుల బల్లేలు పట్టుకున్న కాలిబంట్లు గుంపుగా నిలబడేవారు. వాళ్ళను ఆనుకుని వత్తి తుపాకుల వాళ్ళుండేవారు. తుపాకి గొట్టంలో మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి, మండుతున్న వత్తిని మందుకు తాకిస్తే అది పేలేది. మళ్ళీ సిద్ధం చేసుకునేలోపు గుర్రాలు మీద పడితే బల్లేలవాళ్ళే కాపాడాలి. ఈ రెండు రకాల మనుషుల్నీ కలిపి నడిపించడం, వెనక్కి తగ్గేటప్పుడు కూడా వరస చెదరకుండా చూడటం ఆ కాలపు సేనాధిపతి పనితనం. యూరప్‌లో ఈ విద్యలో స్పెయిన్ దళాలది పైచేయి. వాళ్ళతో తలపడుతూనే నోరిస్ వాళ్ళ పద్ధతులు వంటబట్టించుకున్నాడు.

రాథ్లిన్

నోరిస్‌కు పేరు తెచ్చిన తొలి దండయాత్ర ఐర్లండ్‌లో జరిగింది. అతని చరిత్రలో అన్నిటికంటే నెత్తుటి అధ్యాయం కూడా అదే.

ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్స్టర్‌ను లొంగదీసి ఇంగ్లీషువాళ్ళకు భూములు పంచాలని వాల్టర్ డెవరూ అనే ఎసెక్స్ ప్రభువు 1573లో బయల్దేరాడు. నోరిస్ ఆయన కింద కెప్టెన్‌గా చేరాడు. అక్కడ ఎసెక్స్‌కు కొరుకుడుపడని ప్రత్యర్థి సోర్లీ బోయ్ మక్‌డానెల్. స్కాట్లండ్ దీవుల నుంచి వచ్చి ఆంట్రిమ్ తీరంలో పాతుకుపోయిన వంశానికి నాయకుడు. పోరు ముదిరినప్పుడు మక్‌డానెల్ మనుషులు ముసలివాళ్ళను, ఆడవాళ్ళను, పిల్లల్ని, జబ్బుపడ్డవాళ్ళను తీరానికి కొన్ని మైళ్ళ దూరంలోని రాథ్లిన్ దీవికి పంపారు. సముద్రం మధ్య క్షేమంగా ఉంటారని వాళ్ళ నమ్మకం.

1575 జులైలో ఎసెక్స్ ఆజ్ఞ మీద నోరిస్ మూడు వందల మంది సైనికులతో ఆ దీవి మీద దిగాడు. వాళ్ళను తీసుకెళ్ళిన ఓడల నాయకుల్లో, తర్వాత ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఫ్రాన్సిస్ డ్రేక్ ఒకడు. దీవిలోని కోట నాలుగు రోజులు నిలిచింది. కోట అధికారి సంధి మాటలకు వచ్చాడు. తన ప్రాణానికి, భార్యాబిడ్డల ప్రాణాలకు మాత్రమే హామీ సంపాదించగలిగాడు. మిగిలినవాళ్ళను సైనికుల దయకు వదిలేశారు. బయటికొచ్చిన రెండు వందల మందినీ చంపేశారు.

అంతటితో ఆగలేదు. తర్వాతి రోజుల్లో సైనికులు దీవంతా గాలించారు. సముద్రపు ఒడ్డున గుహల్లో, కొండ చరియల్లో దాక్కున్నవాళ్ళను వెతికి పట్టుకుని చంపారు. వాళ్ళు మూడు, నాలుగు వందల మంది. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. అవతలి ఒడ్డున నిలబడి ఇదంతా చూసిన సోర్లీ బోయ్ దుఃఖంతో పిచ్చివాడైపోయాడని ఎసెక్స్ స్వయంగా రాసిన ఉత్తరంలో ఉంది. ఆ సంగతి అతను బాధపడుతూ రాయలేదు, విజయవార్తగా రాశాడు. రాణి జవాబిస్తూ ఎసెక్స్‌ను మెచ్చుకుంది. పని నెరవేర్చిన యువకుడు నోరిస్‌కు తన కృతజ్ఞతలు చెప్పమంది.

ఇంత చేసి ఆ దీవిని నిలబెట్టుకున్నారా అంటే అదీ లేదు. అక్కడ ఉంచిన చిన్న దళానికి తిండీ సామానూ అందించడం కష్టమై కొద్దికాలానికే వెనక్కి పిలిపించారు. సోర్లీ బోయ్ ఇంకో పదిహేనేళ్ళు బతికాడు. చివరికి రాణితో రాజీపడి తన భూముల్లో చాలా భాగం దక్కించుకున్నాడు.

ఆ కాలంలో యుద్ధాలు అలాగే ఉండేవని కొందరు సర్దిచెబుతారు. ఆ కాలపు యుద్ధ మర్యాదల్లో కూడా దాక్కున్న పసిపిల్లల్ని వెతికి చంపడం వీరత్వం కాదు. నోరిస్ తర్వాత గెలిచిన యుద్ధాలన్నిటి పక్కనా రాథ్లిన్ పేరు ఉండి తీరాలి.

నెదర్లాండ్స్‌లో ఏడేళ్ళు

1577లో నోరిస్ ఇంగ్లీషు వలంటీర్లను వెంటబెట్టుకుని నెదర్లాండ్స్‌కు వెళ్ళాడు. అక్కడి ప్రజలు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మీద తిరగబడ్డారు. ఎలిజబెత్ బాహాటంగా యుద్ధంలోకి దిగలేదు. తన మనుషులు సొంతంగా వెళ్తుంటే మాత్రం అడ్డు చెప్పలేదు.

1578 వేసవిలో రైమెనామ్ అనే ఊరి దగ్గర ఫిలిప్ సవతి తమ్ముడు డాన్ జువాన్ సేనలు దాడి చేశాయి. ఏడేళ్ళ కిందట లెపాంటో సముద్ర యుద్ధంలో తుర్కులను ఓడించి యూరపంతా పేరు మోగించుకున్నవాడు డాన్ జువాన్. ఆ రోజు ఎండ మండిపోతోంది. ఇంగ్లీషు, స్కాట్ సైనికులు కవచాలతో పాటు పైబట్టలు కూడా విప్పేసి, చొక్కాలతోనే పోరాడారు. నోరిస్ కింద ఒకదాని తర్వాత ఒకటి మూడు గుర్రాలు కూలాయి. మూడుసార్లూ లేచి ఇంకో గుర్రం ఎక్కాడు. స్పెయిన్ సేన వెనక్కి తగ్గింది. నోరిస్ పేరు ఇంగ్లండ్‌లో ఇంటింటా వినిపించింది.

1580 ఏప్రిల్‌లో నోరిస్ సేన మెకెలన్ నగరాన్ని పట్టుకున్నప్పుడు కథ వేరుగా నడిచింది. జీతాలు బకాయిపడ్డ సైనికులు నగరం మీద పడి దోచుకున్నారు. సామాన్య జనం చాలామంది చనిపోయారు. దోపిడీ వారాల తరబడి సాగింది. చర్చి గంటలు, ఆఖరికి సమాధుల మీది రాళ్ళు కూడా పెకలించి ఓడల్లో ఇంగ్లండ్‌కు పంపి అమ్ముకున్నారు. ఆ ప్రాంతపు చరిత్రలో దానికి ‘ఇంగ్లీషు ప్రకోపం’ అని పేరుంది. మెకెలన్ ప్రజలకు ఇది మొదటిసారి కాదు. ఎనిమిదేళ్ళ కిందటే స్పెయిన్ సైనికులు కూడా ఆ ఊరిని అలాగే దోచారు. ఏ జెండా కింద వచ్చినా, జీతం ముట్టని సైన్యం ఊళ్ళకు ఒకే గతి పట్టించింది.

ఆ మరుసటి శీతకాలంలో ఉత్తరాన స్టేన్‌వైక్ పట్టణాన్ని స్పెయిన్ పక్షాన రెన్నెన్‌బర్గ్ ప్రభువు ముట్టడించాడు. పట్టణాన్ని విడిపించే పని నోరిస్‌ది. రెండు సేనలూ ఎదురెదురుగా పాతుకుపోయి ఉండగా అవతలి పక్షం నోరిస్‌ను ద్వంద్వ యుద్ధానికి పిలిచింది. సేనాపతి అలా దిగకూడదన్న నియమం ఉండటంతో అతనికి బదులు రోజర్ విలియమ్స్ అనే వెల్ష్ కెప్టెన్ ముందుకొచ్చాడు. శత్రువుల వైపు నుంచి ఒక అల్బేనియన్ కెప్టెన్ వచ్చాడు. రెండు సేనలూ చూస్తుండగా ఇద్దరూ తలపడ్డారు. ఎవరికీ గాయం కాలేదు. కాసేపటికి కత్తులు దించి, ఇద్దరూ కలిసి సారా తాగి ఎవరి శిబిరానికి వాళ్ళు వెళ్ళారు. 1581 ఫిబ్రవరిలో రెన్నెన్‌బర్గ్ ముట్టడి ఎత్తేసుకుని పోయాడు. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో నూర్డ్‌హోర్న్ దగ్గర స్పెయిన్ సేనాని వెర్దుగో చేతిలో నోరిస్ చిత్తుగా ఓడాడు కూడా.

తోటి సైనికులు అతన్ని మెచ్చింది ఎక్కువగా వెనక్కి తగ్గడంలో చూపిన నేర్పుకు. 1582లో ఘెంట్ నగరం వైపు వస్తున్న మిత్ర సేనను స్పెయిన్ సేనాపతి పార్మా ప్రభువు పెద్ద బలగంతో వెంటాడాడు. వెనక నిలబడి అడ్డుకునే బాధ్యత నోరిస్ తీసుకున్నాడు. ఆగి కాల్చడం, నాలుగడుగులు వెనక్కి వేయడం, మళ్ళీ ఆగి కాల్చడం. తిరుగుబాటు నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్, ఫ్రాన్స్ రాజు తమ్ముడు ఆంజూ ప్రభువు నగరపు గోడల మీంచి చూస్తుండగా సేన చెదరకుండా గోడల నీడకు చేరింది.

చచ్చినవాళ్ళ జీతాలు

1584లో విలియం ఆఫ్ ఆరెంజ్‌ను ఒక హంతకుడు కాల్చి చంపాడు. మరుసటేడు ఆంట్‌వర్ప్ స్పెయిన్ వశమైంది. ఇక ఎలిజబెత్ పక్కన నిలబడి చూడలేకపోయింది. 1585 ఆగస్టులో కుదిరిన ఒప్పందం ప్రకారం 6,400 మంది కాలిబంట్లను, వెయ్యి మంది గుర్రపు దళాన్ని పంపి పోషిస్తానంది. ఏడాదికి 1,26,000 పౌండ్లవుతుందని అంచనా వేశారు. ఆమె ఖజానాకు అది తలకు మించిన భారం.

సేనలతో ముందుగా వెళ్ళినవాడు నోరిస్. దిగీ దిగగానే ఆర్నెమ్ దగ్గర ఒక కోటను దాడిచేసి పట్టుకున్నాడు. మెచ్చుకోలుకు బదులు రాణి నుంచి మందలింపు వచ్చింది. తాను సేన పంపింది ఆత్మరక్షణకే గాని దాడులకు కాదని ఆమె రాసింది. దాడులంటే ఖర్చు, ఖర్చంటే ఆమెకు భయం. చలికాలం వచ్చేసరికి సైనికుల ఒంటి మీద సరైన బట్టలు లేవు, జీతం రావడం లేదు. నోరిస్ ఉత్తరం మీద ఉత్తరం రాశాడు.

ఇక్కడ సామాన్య సైనికుడి లెక్క చూడాలి. అతని రోజు కూలి 8 పెన్నీలు. అందులోంచే తిండికి, బట్టకు కోత పడుతుంది. డబ్బు లండన్ నుంచి నేరుగా అతని చేతికి రాదు, కెప్టెన్ చేతుల మీదుగా రావాలి. నూరు మంది దళంలో ఆరుగురి జీతం, మనుషులు లేకపోయినా కెప్టెన్ తీసుకోవచ్చన్నది అధికారికంగా ఒప్పుకున్న ఏర్పాటు. ‘చచ్చినవాళ్ళ జీతాలు’ అనేవారు దాన్ని. ఆ ఆరుగురితో ఆగిన కెప్టెన్లు తక్కువ. జబ్బుతో పోయినవాళ్ళ పేర్లు, పారిపోయినవాళ్ళ పేర్లు నెలల తరబడి జాబితాలో బతికే ఉండేవి. హాజరు తీసుకునే రోజున దారిన పోయేవాళ్ళను తెచ్చి వరసలో నిలబెట్టేవారు. కాగితం మీద వెయ్యి మంది ఉన్న సేన యుద్ధంలోకి దిగేసరికి ఎంతమందో సేనాపతికే తెలియని పరిస్థితి.

1585 డిసెంబరులో రాణికి ఆప్తుడైన లెస్టర్ ప్రభువు పెత్తనం తీసుకోవడానికి వచ్చాడు. ఆయన హోదాలో పెద్ద, యుద్ధానుభవంలో చిన్న. నోరిస్‌కూ ఆయనకూ మొదటి నుంచీ పొసగలేదు. అయినా 1586 వసంతంలో గ్రావ్ పట్టణానికి సాయం చేరవేసే పోరులో ఛాతీలో బల్లెం దిగి కూడా నోరిస్ నిలబడి పోరాడాడు. ఏప్రిల్ 23న, ఇంగ్లండ్‌కు పెద్ద పండుగైన సెయింట్ జార్జి దినాన, ఊట్రెక్ట్‌లో లెస్టర్ చేతుల మీదుగానే ‘సర్’ బిరుదు అందుకున్నాడు. సెప్టెంబరులో జుట్‌ఫెన్ దగ్గర జరిగిన పోరులోనూ ఉన్నాడు. కవి ఫిలిప్ సిడ్నీ తొడలో గుండు దిగి, ఇరవై అయిదు రోజులకు ప్రాణాలు విడిచింది ఆ పోరు వల్లే.

వాటాల మీద దండయాత్ర

1588లో స్పెయిన్ నౌకాదళం ఆర్మడా ఇంగ్లండ్ మీదికి బయల్దేరినప్పుడు, థేమ్స్ నది ఒడ్డున టిల్బరీ శిబిరంలో సేనను తీర్చిదిద్దే బాధ్యతల్లో నోరిస్ ఉన్నాడు. రాణి గుర్రమెక్కి సైనికుల మధ్యకొచ్చి మాట్లాడిన ప్రసిద్ధ ఘట్టం జరిగింది ఆ శిబిరంలోనే. ఆర్మడాను ఇంగ్లీషు ఓడలు తరిమాయి, తుపానులు చిదిమాయి. శత్రువు తేరుకోకముందే ఎదురు దెబ్బ కొట్టాలని రాణి కొలువు నిర్ణయించింది.

ఖజానాలో డబ్బు లేదు. అందుకని ఆ దండయాత్రను వాటాల వ్యాపారంలా నిర్మించారు. రాణి మొదట 20 వేల పౌండ్లు పెట్టింది. మిగతాది వర్తకులు, ప్రభువులు, కెప్టెన్లు సర్దారు. దోపిడీలో ఎవరి వాటా వాళ్ళకు. పదకొండేళ్ళ తర్వాత లండన్ వర్తకులు ఇలాగే వాటాలుగా సొమ్ము పోగుచేసి ఈస్టిండియా కంపెనీ స్థాపించారు. 1611లో దాని ఓడ మన మచిలీపట్నం చేరింది. రాజ్యం పనినీ వ్యాపారం పనినీ ఒకే ఓడలో ఎక్కించే అలవాటు అప్పటికే వాళ్ళకు బాగా పట్టుబడింది.

సముద్రం మీద డ్రేక్, నేల మీద నోరిస్. 1589 ఏప్రిల్‌లో నూరుకు పైగా ఓడలు, ఇరవై వేలకు పైబడ్డ మనుషులు ప్లిమత్ నుంచి బయల్దేరారు. రాణి చెప్పిన మొదటి పని, ఆర్మడాలో మిగిలిన ఓడలు మరమ్మతులో ఉన్న శాంటాండర్ వంటి రేవులకు వెళ్ళి వాటిని తగలబెట్టడం. తర్వాత పోర్చుగల్ సింహాసనం నాదేనంటున్న దోమ్ అంతోనియోను లిస్బన్‌లో నిలబెట్టాలి. అది కుదిరితే అజోర్స్ దీవులు పట్టుకోవాలి. వాటాదారులకు కాలే ఓడల్లో లాభం కనిపించలేదు. దండు శాంటాండర్ పోలేదు, కొరూనా దగ్గర దిగింది.

కొరూనా దిగువ పట్టణం తేలిగ్గా చిక్కింది. నిల్వ ఉన్న ద్రాక్షసారా మీద పడి సైనికులు ఒళ్ళు మరిచారు. కోట గోడలున్న ఎగువ పట్టణం మాత్రం లొంగలేదు. గోడలు కూల్చే పెద్ద ఫిరంగులు ఇస్తానన్న రాణి ఇవ్వలేదు. నోరిస్ మనుషులు ఒక బురుజు కింద సొరంగం తవ్వి మందు పెట్టి పేల్చారు. సగం బురుజు కూలింది. ఆ సందులోంచి సైనికులు చొరబడుతుండగా మిగిలిన సగం వాళ్ళ నెత్తినే పడింది. గోడ మీద ఊళ్ళోని ఆడవాళ్ళు కూడా రాళ్ళతో, ఆయుధాలతో ఎదుర్కొన్నారు. వాళ్ళలో మరియా పీతా అనే ఆవిడ భర్త చనిపోయాక కూడా పోరు ఆపకుండా జెండా మోస్తున్న ఇంగ్లీషు సైనికుణ్ణి చంపిందని ఆ ఊరు చెప్పుకుంటుంది. కొరూనా నడిబొడ్డున ఉన్న పెద్ద కూడలికి ఇప్పటికీ ఆమె పేరే.

సాయంగా వస్తున్న స్పెయిన్ దళాన్ని నోరిస్ ఊరి బయట ఎల్ బుర్గో అనే చోట రాతి వంతెన దగ్గర అడ్డుకున్నాడు. అతని తమ్ముడు ఎడ్వర్డ్ అందరికంటే ముందు బల్లెంతో వంతెన మీదికి దూసుకుపోయి తూలిపడ్డాడు, తలకు పెద్ద గాయమైంది. నోరిస్ కవచం కూడా సరిగా తొడుక్కోకుండా బల్లెం అందుకుని పరిగెత్తి తమ్ముణ్ణి లాక్కొచ్చాడు. వంతెన చిక్కింది. కొరూనా మాత్రం చిక్కలేదు. పదిహేను రోజులు వృథా అయ్యాయి, శిబిరంలో జబ్బులు మొదలయ్యాయి.

మే చివర్లో సేన పోర్చుగల్‌లోని పెనీష్ దగ్గర దిగింది. అక్కణ్ణుంచి లిస్బన్ డెబ్బై కిలోమీటర్ల పైమాటే. నోరిస్ ఎండలో సేనను నడిపించాడు. డ్రేక్ ఓడలతో తేజో నది గుండా నగరం దాకా వచ్చి కలుస్తాడని ఒప్పందం. సామాన్లు మోయడానికి బండ్లు లేవు, తాగడానికి మంచినీళ్ళు దొరకవు. దారి పొడవునా మనుషులు రాలిపోయారు. లిస్బన్ గోడల ముందుకు చేరాక చూస్తే, దోమ్ అంతోనియో కోసం లేస్తుందనుకున్న నగరం లేవలేదు. అక్కడి పాలకుడు ఆర్చ్‌డ్యూక్ ఆల్బర్ట్ అనుమానం ఉన్నవాళ్ళందరినీ ముందే అణిచేశాడు. డ్రేక్ నది ముఖద్వారం దగ్గర కష్కాయిష్‌లోనే ఆగిపోయాడు. ఫిరంగులు లేవు, తిండి లేదు, ఓడలు లేవు. నోరిస్ సేనను వెనక్కి తిప్పాడు.

ఈ దండయాత్రలో చనిపోయినవాళ్ళ లెక్క మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. ఎవరి అంచనా అయినా వేలల్లోనే ఉంది. కత్తికీ తుపాకికీ పోయినవాళ్ళకంటే ఓడల్లో విరేచనాలతో, జ్వరాలతో పోయినవాళ్ళు చాలా ఎక్కువ. బతికి తిరిగొచ్చినవాళ్ళకు జీతాలివ్వడానికి లాభాలు లేవు. ఆ వేసవిలో లండన్‌లో కొన్ని వందల మంది మాజీ సైనికులు గుమిగూడి బార్తలోమ్యూ తిరునాళ్ళను దోచుకుంటామని బెదిరించారు. ప్రభుత్వం సాయుధుల్ని దించి చెదరగొట్టింది, కొందరిని ఉరి తీసింది. డ్రేక్‌కూ నోరిస్‌కూ రాణి కొలువులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. డ్రేక్‌కు కొన్నేళ్ళ పాటు మళ్ళీ పెద్ద నౌకాదళం అప్పగించలేదు.

బ్రెస్ట్ రేవు కోసం

నోరిస్‌ను మాత్రం రెండేళ్ళకే మళ్ళీ పిలిచారు. ఫ్రాన్స్ అంతర్యుద్ధంలో జోక్యం చేసుకున్న స్పెయిన్, బ్రిటనీ తీరంలో స్థావరం వేసింది. అక్కణ్ణుంచి ఇంగ్లండ్ దక్షిణ తీరం చాలా దగ్గర. 1591 మేలో నోరిస్ మూడు వేల మందితో పెంపోల్ దగ్గర దిగాడు. కొద్దిరోజుల్లోనే గాంగాన్ పట్టణం చిక్కింది. ఆ తర్వాత మళ్ళీ పాత కథే: మనుషులు తగ్గిపోవడం, అదనపు బలగం ఆలస్యం కావడం, జీతాలు అందకపోవడం. 1592 మేలో అతను ఇంగ్లండ్‌లో ఉండగా, క్రాన్ దగ్గర జరిగిన పోరులో అతని దళాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

1594లో స్పెయిన్ సైనికులు బ్రెస్ట్ రేవు ముఖద్వారం దగ్గర క్రోజోన్ కొనమీద కోట కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయితే రేవు మొత్తం వాళ్ళ ఫిరంగుల కిందికి వస్తుంది. ఈసారి రాణి వెనకాడలేదు. నోరిస్ నేల వైపు నుంచి, మార్టిన్ ఫ్రాబిషర్ ఓడలతో సముద్రం వైపు నుంచి, మార్షల్ ఓమోంట్ ఫ్రెంచి సేనతో ముట్టడించారు. కోటలో ఉన్నది నాలుగు వందల మందే. వానల్లో, బురదలో వారాల తరబడి వాళ్ళు కోటను వదల్లేదు. నవంబరులో జరిగిన చివరి దాడిలో వాళ్ళ నాయకుడు తోమే దె పరేదెస్‌తో సహా దాదాపు అందరూ చనిపోయారు. ఫ్రాబిషర్‌కు తగిలిన తుపాకి గాయం విషమించి ప్లిమత్‌లో కన్నుమూశాడు. ఆ కొన ఇప్పటికీ ‘స్పెయిన్‌వాళ్ళ కొన’గానే పటాల్లో ఉంది. నోరిస్ సేవలన్నిటిలో ఇంగ్లండ్‌కు సూటిగా పనికొచ్చింది ఇదేనని చెప్పవచ్చు. బ్రెస్ట్ స్పెయిన్ చేతిలో పడితే తర్వాతి ఆర్మడాలు ఇంగ్లండ్ గుమ్మంలోంచే బయల్దేరేవి.

మళ్ళీ ఐర్లండ్

అల్స్టర్‌లో హ్యూ ఓనీల్ తిరగబడ్డాడు. ఆయన ఇంగ్లీషు పద్ధతులు బాగా ఎరిగినవాడు. తన మనుషులకు తుపాకులిచ్చి, చక్కగా తర్ఫీదు ఇప్పించాడు. 1595లో నోరిస్‌ను అక్కడికి పంపారు. ఐర్లండ్‌లో రాణి ప్రతినిధి విలియం రస్సెల్‌కూ నోరిస్‌కూ పడలేదు. ఒకే యుద్ధానికి ఇద్దరు పెద్దలు, ఒకరి మాట ఒకరు వినరు. సెప్టెంబరులో ఆర్మా దగ్గర జరిగిన పోరులో నోరిస్ చేతికీ పక్కకూ గుళ్ళు తగిలాయి. అక్కడే అతని తమ్ముడు థామస్ కూడా గాయపడ్డాడు.

అడవులు, చిత్తడి నేలలు అడ్డున్న దేశంలో ఓనీల్‌ను ఆయుధాలతో లొంగదీయడం తేలిక కాదని నోరిస్‌కు అర్థమైంది. 1596లో సంధి చర్చలు నడిపాడు. ఓనీల్ చర్చల్లో కాలం గడుపుతూ స్పెయిన్ సాయం కోసం ఎదురుచూశాడు. 1597లో రాణి కొత్త ప్రతినిధిగా బర్గ్ ప్రభువును పంపి, నోరిస్‌ను అల్స్టర్ నుంచి తప్పించింది. మన్‌స్టర్ ప్రాంతపు పాలకుడిగా 1584 నుంచీ అతనికి ఉన్న పాత పదవే మిగిలింది. ఆ వేసవిలో మాలోలో, థామస్ ఇంట్లో, పాత గాయాలు కుళ్ళి తమ్ముడి చేతుల్లోనే చనిపోయాడు. వయసు యాభై. పెళ్ళి చేసుకోలేదు. సైతానుకు ఆత్మ అమ్ముకున్నాడని, నల్లబట్టల మనిషి వచ్చి తీసుకుపోయాడని ఐర్లండ్‌లో కథలు పుట్టాయి. రాథ్లిన్‌ను గుర్తుంచుకున్న నేల మీద అలాంటి కథలు పుట్టడంలో వింత లేదు. ఇంగ్లండ్‌లో మాత్రం అతను వీరుడు. కవి ఎడ్మండ్ స్పెన్సర్ 1590లో అచ్చయిన తన మహాకావ్యంతో పాటు ప్రచురించిన అంకిత పద్యాల్లో ఒకటి నోరిస్ పేరిట ఉంది.

ఎలిజబెత్ తన ‘కాకి’కి సొంతంగా ఓదార్పు ఉత్తరం రాసింది. అప్పటికే పెద్దకొడుకు విలియం 1579లో ఐర్లండ్‌లో, మాక్సిమిలియన్ 1593లో బ్రిటనీలో పోయారు. 1599లో ఐర్లండ్‌లోనే హెన్రీ, థామస్ కొద్దిరోజుల తేడాతో గాయాలతో చనిపోయారు. రాణి మళ్ళీ ఉత్తరం రాసింది. మిగిలిన ఒక్క కొడుకునూ తల్లిదండ్రుల దగ్గర ఉండమని ఇంటికి పిలిపించింది. ఆ మిగిలినవాడు ఎడ్వర్డ్, ఎల్ బుర్గో వంతెన మీద అన్న లాక్కొచ్చినవాడు. వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో ఆ కుటుంబ స్మారకం ఉంది. ఆరుగురు కొడుకులూ మోకాళ్ళ మీద ఉంటారు. అయిదుగురు ప్రార్థనలో ఉంటే ఎడ్వర్డ్ ఒక్కడు మొహం పైకెత్తి చూస్తుంటాడు.

నోరిస్ కింద పనిచేసి కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకు రాతి స్మారకాలు లేవు. వాళ్ళ కోసం వచ్చింది ఒక చట్టం. రోడ్ల మీద అడుక్కుంటున్న మాజీ సైనికుల గోల భరించలేక 1593లో ఇంగ్లండ్ పార్లమెంటు, యుద్ధంలో అంగవికలురైన సైనికులకూ నావికులకూ పింఛను ఇచ్చే చట్టం చేసింది. ప్రతి చర్చి పరగణా వారం వారం పన్ను కట్టాలి, జిల్లా కోశాధికారి ఆ సొమ్ము పంచాలి. సైనికుడు తనను ఏ జిల్లాలో పట్టి సైన్యంలో చేర్చారో ఆ జిల్లాకే వెళ్ళాలి. ఫలానా చోట పోరాడి గాయపడ్డాడని తన సేనాపతో కెప్టెనో సంతకం చేసిన పత్రం చూపించాలి. కొరూనా నుంచి, బ్రిటనీ నుంచి కుంటుకుంటూ తిరిగొచ్చినవాళ్ళకు ఆ పత్రమే ఆధారం. సంతకం పెట్టాల్సిన కెప్టెన్ యుద్ధంలోనే పోతే, వాళ్ళు ఇంకో సాక్షిని వెతుక్కుంటూ ఊరూరా తిరగాల్సి వచ్చేది. లోపాలు బయటపడ్డ కొద్దీ ఆ చట్టాన్ని సవరిస్తూ వచ్చారు. 1601లో చేసిన సవరణతో పరగణాలు కట్టాల్సిన పన్ను పెంచి, పింఛన్లు కొనసాగించారు.